ఆల్చిప్పలో కాపురం

డిగ్రీ రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో ఆల్చిప్పను కోయాల్సిన రోజు వచ్చేదాకా నేను బతికున్న ఆల్చిప్పను చేత్తో ముట్టుకోలేదు. మామిడికాయ చెక్కు తీయడానికి మధ్యలో బొక్క పెట్టి అరగదీసిన చిప్ప మా వంటింట్లోనూ ఉండేది. కానీ అందులో ఒకప్పుడు ఒక ప్రాణి ఉండేదని నేనెప్పుడూ ఆలోచించలేదు.

మాది పుంగనూరు. నాన్నకు బజారులో కిరాణా అంగడి. గుడ్డు కూడా గడప తొక్కని ఇల్లు. నాకు కెమిస్ట్రీ ఇష్టమని మదనపల్లెలో బీయస్సీకి చేరితే, దానితో పాటు బాటనీ, జువాలజీ వచ్చి పడ్డాయి. మొదటి ఏడు బొద్దింకతో ఎలాగో నెట్టుకొచ్చాను. ప్రాక్టికల్స్ ఉన్న రోజు సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికి వస్తే అమ్మ పెరటి వాకిలి దగ్గరే ఆపేది. చేతులకు చింతపండు రుద్దుకుని, తలమీద నీళ్ళు పోసుకుని, వేరే బట్ట కట్టుకున్నాకే లోపలికి. ఆ వాసన పోయేది కాదు. పోయిందని నేను అనేదాన్ని, పోయిందని అమ్మ నమ్మినట్టు ఉండేది.

ఇది తొంభైల మధ్యలో సంగతి. మా ల్యాబ్‌కు ఒక అటెండర్ ఉండేవాడు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, కొంచెం వంగి నడిచేవాడు. మదనపల్లెకు దగ్గర్లోనే ఒక పల్లె ఆయనది. కప్పలు, నత్తలు, ఆల్చిప్పలు, ఏది కావాలన్నా ఆయనే తెచ్చేవాడు. ఊరి చెరువులో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, పాదాలతో బురద తడిమి చిప్పలు ఏరుకొచ్చేవాడట. మేమందరం ఆయన్ను అన్నా అని పిలిచేవాళ్ళం. సాయంత్రం అయ్యేసరికి మైక్రోస్కోపులన్నీ మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక్కోదానికీ తొడుగు తొడిగి బీరువాలో పెట్టేవాడు. ఆ తుడవడం చూస్తుంటే చంటిపిల్ల మొహం తుడుస్తున్నట్టు ఉండేది.

ఆల్చిప్పను కోసే ముందు గోరువెచ్చటి నీళ్ళలో వేస్తారు. అది నోరు తెరుస్తుంది. అప్పుడు రెండు పక్కలా ఉండే గట్టి కండరాలను కత్తితో తెంచితే చిప్ప పుస్తకంలా విచ్చుకుంటుంది. ఆ రోజు నా వంతు వచ్చేసరికి నీళ్ళు చల్లారిపోయాయి. నా చిప్ప తెరుచుకోలేదు. అన్న వచ్చి సన్నటి కత్తి సందులో దూర్చి, ఒక్క తిప్పుతో తెరిచి ఇచ్చాడు. లోపల తెల్లటి పల్చటి పొర. దాన్ని ఎత్తితే కింద మొప్పలు, సన్నగా దువ్వినట్టు గీతలు గీతలుగా, లేత గోధుమరంగు తెరల్లాగా వేలాడుతున్నాయి. నేను వంగి చూస్తున్నాను. ఆ మొప్ప మీద ఒక నలుసు కదిలింది.

మా జువాలజీ మేడంను పిలిచాను. ఆమె అంటే మాకు భయం. రికార్డులో గీత వంకరపోతే పేజీ చించేసే మనిషి. కళ్ళజోడు సరిచేసుకుని వంగి చూసి, "మట్టి నలుసు. నీళ్ళతో కడిగి డయాగ్రమ్ వెయ్యి" అని పక్క బల్లకు వెళ్ళిపోయింది.

చుక్కలు వేసే ఫిల్లరుతో నీళ్ళు తీసుకుని మొప్ప మీద పోశాను. నలుసు కొట్టుకుపోలేదు. నీళ్ళకు ఎదురు పరిగెత్తి మొప్పల మడత కిందకు దూరింది. దాని వెనకే ఇంకొకటి. నేను ఉలిక్కిపడి లేచాను. కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడుకు అందరూ తలలు తిప్పారు.

"ఏమ్మా, భయపడినావా? అది చిప్ప పేను" అన్నాడు అన్న, కిటికీ దగ్గర బకెట్లు కడుగుతూ. "ఆవులకు పిడుదులు ఉండవా, అట్లా. ప్రతి చిప్పలోనూ ఉంటాది. నేను సిన్నప్పట్నుంచీ సూస్తాండా."

మేడం అక్కడే ఆగింది. "ప్రతి చిప్పలోనా?"

"అవును మేడం. మీరు యాడ సూస్తారు? వేడినీళ్ళలో ఎయ్యంగానే సచ్చిపోతాయి. మొప్పల్తో పాటు కడిగేస్తారు, అంతే."

ఆమె పక్క బల్లను వదిలేసింది. వెనక్కి వచ్చి నా చిప్పలోంచి ఒకదాన్ని ఫిల్లరుతో పీల్చి, గుంట ఉన్న గాజు పలక మీద నీటిచుక్కలో వదిలింది. మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది. ఎంతసేపు చూసిందో తెలియదు. మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తల ఎత్తినప్పుడు ఆమె మొహం కొత్తగా ఉంది.

"ఇన్ని ఏళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను" అంది, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. తర్వాత నా వైపు తిరిగి, "రా, చూడు. నువ్వే కదా పట్టుకున్నావు" అంది.

నేను చూశాను. ఆవగింజలో సగం కూడా లేని ఆ నలుసు అక్కడ ఒక నిండు జంతువు. గుండ్రటి ఒళ్ళు, పసుపు కలిసిన గోధుమరంగు, లోపల నల్లటి మచ్చలు. ముందు వైపు రెండు చుక్కల్లాగా కళ్ళు. ఎనిమిది కాళ్ళు, ప్రతి కాలికీ కణుపులు, వాటి చివర పొడుగాటి వెంట్రుకలు. ఆ వెంట్రుకలతోనే అది నీళ్ళు తోసుకుంటూ ఈదుతోంది. ఒళ్ళంతా గాజులా ఉండటంతో లోపల ఏదో నెమ్మదిగా కదలడం కూడా కనిపిస్తోంది. నేను మట్టి అనుకుని కడగబోయింది దీన్నే.

మరుసటి రోజు క్లాసులో మేడం ఆ నలుసు మాట ఎత్తలేదు. గంట కొట్టాక మాత్రం నన్ను ఆగమంది. అన్నను పిలిచి, "రేపు ఇంకొన్ని చిప్పలు తెస్తావా? వేడినీళ్ళు వద్దు. చెరువు నీళ్ళలోనే తీసుకురా" అంది.

అలా మొదలైంది. మధ్యాహ్నం క్లాసులు లేని రోజుల్లో మేము ముగ్గురం ల్యాబ్‌లో కూర్చునేవాళ్ళం. అన్న చిప్ప తెరిచేవాడు. నేను నల్లులను ఏరి నీళ్ళ గిన్నెలో వేసేదాన్ని. మేడం మైక్రోస్కోపులో చూసి చెప్పింది రాసుకునేదాన్ని. నల్లులు అనే మాట ఆమెదే. తోటల్లో ఆకులకు పట్టే ఎర్రనల్లి జాతే ఇదీ, నీళ్ళలోకి దిగిన చుట్టం అని చెప్పింది. కొన్ని చిప్పల్లో నాలుగు, కొన్నింటిలో పది దాకా ఉండేవి. దాదాపు అన్నీ ఆడవి. మగది మాత్రం ఒక్కో చిప్పకు ఒక్కటే కనిపించేది. ఒకసారి రెండు చిప్పల్లోని మగవాటిని ఒకే గిన్నెలో వేస్తే, అవి కాళ్ళతో పెనవేసుకుని కొట్లాడుకున్నాయి. మేము విడదీసేలోపే ఒకటి కదలడం మానేసింది.

మొప్పల మీద సన్నటి ముత్యాల్లాంటి గుడ్లు కూడా ఉండేవి, కండలోకి పొదిగినట్టు. ఆల్చిప్ప మొప్పలే వాటికి ఉయ్యాల, అన్నమూ అవే. చిప్ప మాత్రం ఎప్పటిలాగే నీళ్ళు పీలుస్తూ, వదులుతూ ఉండేది.

మేడం ఎక్కడెక్కడో వెతికి ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోయి ఉంది. కిటికీ పక్కన కూర్చుని అందులోంచి మాకు తెలుగులో చెప్పింది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆరే కాళ్ళు ఉంటాయి. అది చిప్పను విడిచి నీళ్ళలోకి వచ్చేస్తుంది. నీటి అడుగున ఎర్రటి దారాల్లాంటి పురుగులు ఉంటాయి కదా, కుట్టని దోమల పిల్లలు, వాటిని వెతుక్కుంటుంది. ఆ పురుగు దోమగా మారి నీళ్ళు దాటి పైకి లేచేటప్పుడు, నల్లిపిల్ల దాని ఒంటికి కరుచుకుని తనూ గాలిలోకి ఎగిరిపోతుంది. దోమ తిరిగి గుడ్లు పెట్టడానికి నీటి మీద వాలినప్పుడు వదిలేసి దిగిపోతుంది. అప్పుడు మళ్ళీ ఒక ఆల్చిప్పను వెతుక్కోవాలి.

"ఎగురుతాదా?" అన్నాడు అన్న. చీపురు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. "నీళ్ళలో పుట్టి, గాల్లో ఎగిరి, మళ్ళా చిప్పలోకే వస్తాదా?"

"అలాగే రాశారు."

"అయితే దానికి దోవ ఎవురు సెప్తారు మేడం?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ పుస్తకంలో కొంచెం ఉంది. అది నిజమో కాదో చూద్దామంది మేడం.

ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం. వెడల్పాటి గాజు తొట్టిలో శుభ్రమైన నీళ్ళు పోసి కిటికీ దగ్గర పెట్టాం. వెనక సగానికి నల్ల కాగితం చుట్టాం. చిప్పల్లోంచి తీసిన నల్లులను మధ్యలో వదిలాం. కాసేపు చెల్లాచెదురుగా తిరిగి, ఒక్కొక్కటే వెలుగు ఉన్న వైపుకు ఈదుకుంటూ వెళ్ళి గాజు గోడకు గుంపుగా చేరాయి. దీపానికి పురుగులు చేరినట్టే.

"ఇప్పుడు మామూలు నీళ్ళు వెయ్యి" అంది మేడం. ఫిల్లరుతో కొన్ని చుక్కలు వేశాను. ఏమీ కాలేదు. నత్తలు ఉన్న బకెట్లోంచి నీళ్ళు తీసి వేశాను. అప్పుడూ ఏమీ కాలేదు. తర్వాత ఆల్చిప్పలు రాత్రంతా ఉన్న నీళ్ళు. చూడటానికి అవీ మామూలు నీళ్ళే. రంగు లేదు, నాకు వాసనా తెలియలేదు. కొన్ని చుక్కలు వేశాను.

మొదట గుంపు కదిలింది. తర్వాత ఒకటి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత అన్నీ. ఎండను విడిచిపెట్టి, తొట్టి పొడవునా ఈదుకుంటూ, నల్ల కాగితం వెనక చీకట్లోకి వెళ్ళిపోయాయి. ఒక్కటి కూడా వెలుగులో మిగల్లేదు.

మేము ముగ్గురం తొట్టి మీదకు వంగాం. చీకటి ఎక్కడ ఉంటే అక్కడ చిప్ప నోరు ఉంటుందని, ఆ చిప్ప దగ్గర్లోనే ఉందని నాలుగు చుక్కల నీళ్ళు వాటికి చెప్పాయి. అవి నమ్మాయి. నేను ఫిల్లరు ఇంకా ఎత్తి పట్టుకునే ఉన్నాను. మేడం దాన్ని నా చేతిలోంచి తీసుకుని బల్లమీద పెట్టింది.

"అన్నా, మీరు చూడండి దీన్ని" అన్నాను. ఒక నల్లిని తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

ఆయన వెనక్కి జరిగాడు. "నాకెందుకమ్మా. మీరు సూసుకోండి."

"ఎప్పుడూ చూడలేదా?" అని అడిగింది మేడం.

"తుడిసినా మేడం. వచ్చినప్పట్నుంచీ నేనే తుడుస్తాండా. లోపల సూడలా."

"యాల సూడలేదు?" ఆమె నోట ఆ మాట ఆయన యాసలోనే వచ్చింది.

"ఎవురూ సూడమన్లేదు గదా."

మేడం లేచి తన స్టూలు ఆయనకు జరిపింది. ఆయన కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఏదన్నా తగిలి చెడిపోతుందేమోనన్నట్టు వంగాడు. మొదట రెండు కళ్ళూ మూసుకున్నాడు. ఒక కన్ను తెరవమని చెప్పాను. తన శ్వాస తనకే వినబడుతున్నట్టు ఆగి ఆగి పీల్చాడు.

"అమ్మా" అన్నాడు. కాసేపటికి, "గోర్లు ఉండాయి దీనికి" అన్నాడు. ఇంకా కాసేపటికి, "నేను ఎన్ని చంపినానో" అన్నాడు.

తల ఎత్తాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఒకే కన్నుతో చూడటం వల్ల నీళ్ళు వచ్చాయని చెప్పాడు. మేము అవునన్నాం.

ఆ రోజు ల్యాబ్ మూసే ముందు ఇసుక పోసిన తొట్టిలో ఒక బతికున్న ఆల్చిప్పను పెట్టాం. అది నాలుకలాంటి పాదాన్ని బయటికి చాపి, ఇసుకలో నెమ్మదిగా దిగి నిలబడింది. వెనక వైపు చిన్న సందు తెరిచింది, నీళ్ళు లోపలికి పోయే దారి. నల్లులను ఆ నీళ్ళలో వదిలాం. రెండు దారి తప్పాయి. ఒకటి చిప్ప అంచు మీద దిగి, నడుచుకుంటూ ఆ సందు దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళిపోయింది. చిప్ప చటుక్కున మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. "సేరింది" అన్నాడు అన్న, ఊరెళ్ళిన మనిషి క్షేమంగా చేరాడని కబురొచ్చినట్టు.

ఆ సాయంత్రం పెరటి వాకిలి దగ్గరే నిలబడి అమ్మకు అంతా చెప్పాను. చెంబు చేతిలో పట్టుకుని వింది.

"మరి అది చిప్పను సంపుతాదా?"

"చంపదమ్మా. మొప్పల్ని కొంచెం కొరుక్కుని తింటుంది, అంతే. చిప్ప చచ్చిపోతే దానికే ఇల్లు ఉండదు గదా."

"చిప్పకు తెలుస్తాదా, లోపల ఇంతమంది ఉండారని?"

తెలియకపోవచ్చన్నాను. అమ్మ నీళ్ళు పొయ్యడం మర్చిపోయి, "నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఐదు నెలలదాకా నాకూ తెలిసినట్టే లేదు" అంది. తర్వాత నవ్వి నా చేతుల మీద నీళ్ళు పోసింది. చింతపండు ఇవ్వలేదు.

కెమిస్ట్రీ అనుకున్న నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత కుప్పంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. నేను వెళ్ళిన కొత్తలోనే వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు, ఇంకో ఏడు. బోర్లు ఎండిపోయాయి. మాకు పాలు పోసే ఆమెకు ఊరి చెరువు కింద రెండెకరాల పొలం ఉండేది. రెండు ఆవుల్లో ఒకదాన్ని అమ్మేసింది. ఎండిన చెరువులో మట్టి తవ్వి పొలాలకు తోలుకుంటున్నారని ఆమే చెప్పింది.

"మట్టి తవ్వుతాంటే చిప్పలు దొరుకుతాండాయి టీచరమ్మా. తెల్లగా, గుట్టలు గుట్టలు."

ఆదివారం పొద్దున ఆమెతో వెళ్ళాను. చెరువు నేల పలకలు పలకలుగా పగిలి ఉంది. తెరుచుకున్న చిప్పలు ఎండకు మెరుస్తూ నేలంతా పరుచుకుని ఉన్నాయి. వాటి మీద నడుస్తుంటే గలగలమని విరిగాయి. ఒక్కోదాంట్లో ఒక కాపురం, అని నాకు అనిపించి ఆగిపోయాను. ఎక్కడ కాలు పెట్టాలో తెలియలేదు.

ఆమె మాత్రం గడ్డపార పట్టుకుని, చెరువు నడిమధ్య, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటికి పోయింది. "ఈడ లోపల ఇంకా చెమ్మ ఉండాది" అని తవ్వింది. మోకాటి లోతు దిగాక మట్టి నల్లగా, చల్లగా వచ్చింది. ఆ మట్టిలో నిలువుగా నిలబడి ఉన్నాయి ఐదు చిప్పలు. గట్టిగా మూసుకుని ఉన్నాయి. బరువుగా ఉన్నాయి.

ఇంటికి తెచ్చి బకెట్లో నీళ్ళు పోసి పెట్టాను. సాయంత్రానికి రెండు కుళ్ళిన వాసన వేశాయి, తీసేశాను. మిగిలినవి కదల్లేదు. మరునాడు పొద్దున పాలు పోయడానికి వచ్చిన ఆమే ముందు చూసింది.

"టీచరమ్మా, నోరు తెరిసింది!"

మూడింటిలో ఒకటి వేలెడు పాదం బయటికి చాపి ఉంది. ఎన్ని నెలలు ఆ బురదలో నోరు మూసుకుని ఉందో. ఆమె చెంబులో పాలు అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. నేను వెళ్ళి, కాలేజీ నుంచి తెచ్చుకున్న భూతద్దం పట్టుకుని బకెట్ పక్కన మోకాళ్ళ మీద వంగాను. దాన్ని కోయాలని నాకు లేదు. ఊరికే చూస్తూ ఉన్నాను. చాలాసేపటికి ఆ సందులోంచి గోధుమరంగు నలుసు ఒకటి బయటికి వచ్చి, అంచు మీద అటూ ఇటూ తిరిగి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

ఎండిపోయిన చెరువు అడుగున, మూసుకున్న చిప్పలో, ఉన్న కాసిన్ని నీళ్ళనే చిప్పా, నల్లీ ఇద్దరూ పంచుకుని బతికారు. పాలామె, "ఏముండాది? ఏం సూసినారు?" అని అడుగుతూనే ఉంది.

ఆ మూడు చిప్పలను అడుగున ఇంకా నీళ్ళు ఉన్న ఒక బావిలో వదిలాం. మరుసటి ఏడు వాన పడింది. చెరువు నిండిందని ఆమె ఆరోజు పాలలో నీళ్ళు కలపనని ప్రకటించింది. మేమిద్దరం నవ్వుకున్నాం. ఆ చిప్పలను బావిలోంచి తీయించి తిరిగి చెరువులో వేసింది కూడా ఆమే.

చెరువు నిండిన కొన్ని వారాలకు ఊరినిండా కుట్టని దోమలు. పొద్దున్నే లేచి చూస్తే నేను అద్దెకున్న ఇంటి సున్నపు గోడ మీద వందల కొద్దీ వాలి ఉండేవి. మీసాలు ఈకల్లా ఉండి, ముందు కాళ్ళు ఎత్తుకుని కదలకుండా. అందరూ చీపురుతో ఊడ్చేసేవాళ్ళు. నేను భూతద్దం తీసుకుని గోడ పొడవునా చూసుకుంటూ పోయేదాన్ని. నాలుగు రోజులు ఏమీ దొరకలేదు. ఐదో రోజు ఒక దోమ పొట్ట పక్కన ఎర్రటి చుక్క. సూది మొనంత. దాని పక్కనే ఇంకొకటి. భూతద్దం దగ్గరికి జరిపాను. చుక్కకు కాళ్ళు ఉన్నాయి.

మేడం పుస్తకంలోంచి చెప్పగా విన్నది పదేళ్ళ తర్వాత నా ఇంటి గోడ మీద కూర్చుని ఉంది. ఆ నల్లి జాతి పిల్లేనని ఒట్టేసి చెప్పలేను, నీటినల్లుల్లో ఇలా ఎగిరేవి చాలా ఉన్నాయి. అయినా గోడను విడిచి రాలేకపోయాను.

"గోడకాడ ఏం సూస్తాండారు?" పాలామె వచ్చింది. భూతద్దం ఇచ్చాను. ఎక్కడ చూడాలో వేలితో చూపించాను.

"అబ్బా! ఇంత దోమ మీద అంతంత పిల్లలా! ఇది యాడికి పోతాది?"

"నీళ్ళ మీదకి. అక్కడ ఇవి దిగిపోతాయి. చిప్పను వెతుక్కుంటాయి."

"మన చెరువులోనే దిగుతాయా?"

"దిగచ్చు. గాలి ఎటు కొడితే అటు, వేరే చెరువులోనైనా దిగచ్చు. చిప్ప లేని చోట దిగితే అక్కడితో సరి."

ఆమె భూతద్దం దించలేదు. "అయినా పోతాయి సూడు" అంది.

ఆరోజు మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా వెళ్ళాను. ఎందుకు ఆలస్యమైందో పిల్లలకు చెప్పాను. సాయంత్రం కాలేజీ వదలగానే పదిహేను మంది ఆడపిల్లలు నా వెంట వచ్చారు. ఆ దోమ ఇంకా గోడ మీదే ఉంది. భూతద్దం ఒక్కటే. వరుసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు, గోడకు మొహం ఆనించి చూశారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, దోమ ఎగిరిపోతుందని.